ఆ రంగనాయకులు నేను కాదు

రేపల్లెలో రంగనాయకులు అనే నాటకాల నటుడు ఉండేవాడు. మంచివాడే గానీ, ఎవరైనా తనను చూసి గుడివాడ రంగనాయకులుగారనుకుంటే, కాదని చెప్పడానికి మాత్రం అతనికి నోరు వచ్చేది కాదు.

గుడివాడ రంగనాయకులుగారంటే మాటలా! ఆ పెద్దాయన రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, మైకు లేకపోయినా ఆఖరి వరస దాకా వినపడేది. జనం ఎన్నిసార్లు "వన్స్ మోర్" అన్నా విసుక్కోకుండా మళ్ళీ పాడేవారు. రేడియోలో ఆయన గొంతు విననివాళ్ళు లేరు. ముఖం మాత్రం చాలామందికి తెలియదు. కిరీటం, మీసం, రంగు వెనక ఎవరున్నారో ఎవరికి తెలుస్తుంది? మన రేపల్లె రంగనాయకులు వేసేవి మంత్రి వేషాలు. అవి చక్కగానే వేసేవాడు. కానీ మంత్రిని వన్స్ మోర్ అడిగేవాళ్ళు ఎక్కడుంటారు, పాపం! అందుకే బస్సులోనో, కాఫీ హోటల్లోనో "మీరు ఆ రంగనాయకులుగారేనా?" అని ఎవరైనా చేతులు జోడిస్తే, చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఆ రోజుల్లో కాంబినేషన్ నాటకాలు ఆడేవారు. వాటికి ఒక కంపెనీ అంటూ ఉండదు. కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి నటులను కుదిర్చేవాడు. రిహార్సలు ఉండేది కాదు. ఎవరి పెట్టె వాళ్ళు పట్టుకుని సాయంత్రానికి ఆ ఊరు చేరడం, రంగు వేసుకుని ఆడటం, తెల్లారాక ఎవరి బస్సు వాళ్ళు ఎక్కడం, అంతే. ఒకసారి పెదలంకపాలెం కమిటీవాళ్ళు తిరునాళ్ళకు రంగనాయకులుగారిని కుదర్చమని సాంబయ్య అనే కొత్త కాంట్రాక్టరుకు చెప్పారు. ఆ పేరున్న నటుడు రేపల్లెలో ఉన్నాడని విని, అతను నేరుగా అక్కడికి వచ్చాడు.

"రాజు వేషానికి తమరే రావాలని పట్టుబట్టారండీ," అన్నాడు.

అది పెద్దాయనకు వెళ్ళవలసిన కబురని రంగనాయకులుకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆశ ఊరుకోనిస్తుందా? ఆ పద్యాలన్నీ నాకూ వచ్చినవే కదా అనుకున్నాడు.

"సరేలెండి, వస్తాను," అన్నాడు.

పెదలంకపాలెంలో మేళతాళాలతో ఎదురొచ్చారు. కమిటీ పెద్ద వీరరాఘవయ్య గులాబీల దండ వేశాడు. తోటి నటులకు సంగతి అర్థమైంది గానీ, మనకెందుకొచ్చిన గొడవని ఊరుకున్నారు. రంగనాయకులు మొదటి పద్యం బాగానే పాడాడు. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాడు. మళ్ళీ అన్నారు. ఆనందంతో ఉబ్బిపోయి ఇంకా పైకి ఎత్తుకున్నాడు. అక్కడ గొంతు జీరపోయింది. ఆ తర్వాత ఎంత గింజుకున్నా నాటకం అయ్యేదాకా స్వరం లేవలేదు. ఎవరూ ఈల వేయలేదు, గోల చేయలేదు. జాలిగా చూశారు.

"పాపం, పెద్దాయన గొంతు పోయింది," అని చెప్పుకుంటూ ఇళ్ళకు పోయారు.

ఆ మాట ఊరూరా పాకింది. తిరునాళ్ళ రోజుల్లో ఆడిన నాటకాలే నటుడికి ఏడాది తిండి. ఒక్కొక్క ఊరే గుడివాడ రంగనాయకులుగారిని పిలవడం మానుకుంది. "నేను ఆ ఊరు వెళ్ళనే లేదయ్యా," అని ఆయన ఎంత చెప్పినా, గొంతు పోయిందని ఒప్పుకోలేక అబద్ధమాడుతున్నారని జనం అన్నారు.

ఇదంతా వింటూ కూడా రంగనాయకులు కొన్నాళ్ళు తేలుకుట్టిన దొంగలా ఉన్నాడు. ఒకనాడు, ఆ తిరునాళ్ళలో అతనితో పాటు రాణి వేషం వేసిన సత్యవతి అతని ఇంటికి వచ్చింది.

"పెద్దాయన్ని చూసి వస్తున్నాను బాబాయ్. ఇంట్లో సాధన కూడా మానేశారు. 'ఇంతమంది అంటున్నారంటే, నిజంగానే నా గొంతు పోయిందేమోనమ్మా' అన్నారు."

రంగనాయకులుకు తల కొట్టేసినట్లయింది. పిలుపులు పోతే మళ్ళీ వస్తాయి. తన గొంతు మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఏమైపోతాడు? ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. మర్నాడే బస్సెక్కి పెదలంకపాలెం వెళ్ళి వీరరాఘవయ్యకు జరిగింది చెప్పాడు.

"దండ వేసిననాడు ఈ నోరు ఏమైందయ్యా?" అన్నాడు వీరరాఘవయ్య.

"ఆశపడ్డానండీ. ఆశ నాది, దెబ్బ ఆయనకు తగిలింది."

"నాకు చెబితే ఏం లాభం? ఊరందరి ముందూ చెప్పు."

ఆ ఆదివారం సాయంత్రం కమిటీవాళ్ళు పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. రంగనాయకులు మైకు ముందు నిలబడ్డాడు.

"ఆనాడు మీరు దండ వేసిన మనిషిని నేనే. ఆ రంగనాయకులు నేను కాదు. పోయింది నా గొంతు, ఆయనది కాదు," అన్నాడు.

జనం తిట్టారు. అతను తల వంచుకుని ఆ తిట్లన్నీ పడ్డాడు. పెద్దాయన మెల్లగా లేచి హార్మోనియం వాయించమన్నారు. మొదటి పాదంలో ఆయన గొంతు కాస్త వణికింది. రెండో పాదానికి స్వరం నిలబడింది. మూడో పాదానికి తిడుతున్నవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారు. పద్యం అయ్యేసరికి పెద్దాయన కళ్ళు చెమర్చాయి. ఆయన తన గొంతును తాను మళ్ళీ విన్నారు మరి.

రంగనాయకులు వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"కోపం లేదనను అబ్బాయ్," అన్నారు పెద్దాయన. "కానీ ఈ పేరు నిలబెట్టడానికి ఇన్నేళ్ళుగా నేనే నానా పాట్లు పడుతున్నాను. నీకెందుకు ఈ బరువు? మంత్రి వేషంలో నిన్ను చూశాను. బాగుంటావు."

ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఎవరూ రంగనాయకులును ఏ వేషానికీ పిలవలేదు. అయినా అతను ఎవరినీ నిందించలేదు. గుడివాడ నుంచి పెద్దాయన పాడుతున్నారన్న కబురు వచ్చినప్పుడల్లా తృప్తిగా భోజనం చేసేవాడు.

నీతి: మనది కాని గౌరవాన్ని నోరు మెదపకుండా అందుకోవడం కూడా దొంగతనమే, ఆ నష్టం దాన్ని కష్టపడి సంపాదించుకున్నవాడికి తగులుతుంది.