మెహరున్ కొండ రైలు

అనగనగా ఒక ఊరు. రైలు కూత విని పొయ్యి వెలిగించే ఊరు. ఆ ఊళ్ళో రైల్వే క్వార్టర్సులో, పక్కపక్క ఇళ్ళల్లో త్రిపుర, మెహరున్ అని ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ముందు ఆ కాళ్ళు ఆడించడం ఆపు, అప్పుడే చెబుతా.

త్రిపురకి అరచేతిలో పట్టే బొమ్మ రైలుంది. దానికి గుండ్రంగా పరిచే పట్టాలున్నాయి. మెహరున్‌కి కీ ఇస్తే నడిచే బొమ్మ ఇంజనుంది. వాళ్ళమ్మ తండ్రిది, పాతది. త్రిపుర బండికి రెండింతలు ఎత్తు, బొద్దుగా ఉంటుంది. దాని పట్టాలే ఎప్పుడో పోయాయి.

అప్పుడు మెహరున్ వాళ్ళ నాన్నకి బదిలీ అయింది. తెల్లారితే ప్రయాణం. వాళ్ళమ్మ ట్రంకు సర్దుతూ, "నడవని బండికి చోటెక్కడిదే? పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా" అంది. మెహరున్ ముఖం చిన్నబోయింది.

"నడిపించి చూపిస్తా ఉండు" అంది త్రిపుర. ఎలాగో దానికే తెలీదు! అయినా అంది. పిల్లంటే అలా ఉండాలి.

ముందు గచ్చుమీద పెట్టారు. బండి జారి పక్కకి పడిపోయింది. ఆ తర్వాత, బండి పెద్దది కదా అని ఎదురింటివాళ్ళ పెద్ద బొమ్మ పట్టాలు అడిగి తెచ్చారు. పెట్టీ పెట్టగానే దభీమని రెండు పట్టాల మధ్యన పడింది.

అప్పుడు త్రిపుర బండిని వెల్లకిలా తిప్పి, ఈ చక్రం పొడుచుకొచ్చిన అంచు నుంచి ఆ చక్రం అంచు దాకా ఎంతుందో దారంతో కొలిచింది. వాళ్ళన్న సోమేశం ఆ దారం లాక్కుని త్రిపుర చిన్న పట్టాల మీద, బయటి అంచు నుంచి బయటి అంచుకి పెట్టాడు. "దారం చాలట్లేదు, సరిపోదు పో! అయినా ఏనుక్కి నీ గౌను తొడుగుతావా?" అన్నాడు.

"చక్రం అంచు ఆనేది పట్టాకి లోపలి పక్క కదా! లోపల పెట్టి చూడన్నయ్యా" అంది త్రిపుర.

లోపల పెడితే అచ్చంగా సరిపోయింది.

ఎలాగంటావా? త్రిపురది వెడల్పు పట్టాల మీద నడిచే మెయిలు బండి బొమ్మ. అంత పెద్ద బండిని బాగా కుదించి చేశారు. మెహరున్‌ది కొండ రైలు బొమ్మ. కొండమీద వంపులెక్కువ, అందుకని అక్కడ నిజం పట్టాలే ఇరుకు. దాన్ని కొంచెమే కుదించారు. అలా రెండిటి పట్టాలూ ఒకే వెడల్పుకొచ్చాయి. బండి ఎంత పెద్దదన్నది వేరు, పట్టాల వెడల్పు వేరు. పెద్దవాళ్ళు కూడా ఇక్కడే బోల్తా పడతారు తెలుసా!

ఆ తర్వాత కీ ఇచ్చారు. బండి కదిలింది! కదిలి, పట్టాల పక్కనే పెట్టిన త్రిపుర బొమ్మ స్టేషన్ని గుద్ది పడేసింది. ఒళ్ళు పెద్దదిగా మరి. స్టేషన్ని దూరంగా జరిపారు. అప్పుడు గిర్రున తిరిగింది.

మెహరున్ వాళ్ళమ్మ ఒకసారి కేకేసింది. రెండోసారి కేకేసింది. మూడోసారి తిట్టడానికి తనే వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. "మా అబ్బాజాన్ బండి!" అంది. ఎన్ని ఊళ్ళు మోసిందో గానీ, అది నడవగా చూడటం ఆవిడకి అదే మొదలు. నేలమీద చతికిలబడి, "ఇంకోసారి కీ ఇవ్వవే" అంది చిన్నపిల్లలాగా.

"పట్టాలు కొనేటప్పుడు లోపల కొలవండి పిన్నీ" అంది త్రిపుర దర్జాగా.

అప్పుడావిడ వెళ్ళి, ట్రంకులోంచి రెండు పట్టుచీరలు తీసి, చేత్తో మోసుకెళ్ళడానికి విడిగా పెట్టుకుంది. ఆ చోట బండిని పడుకోబెట్టింది.

కూతపెట్టి రైలేమో కొండకి,
కబురు చెప్పి కథేమో కంచికి,
కళ్ళు మూసి నువ్వేమో నిద్దరకి!