తనిఖీ అధికారి తలపాగా

నల్లపొగ వదిలే బట్టీలను మూయించమని రాజుగారు గవర్రాజును తనిఖీకి పంపారు. ఆయన వచ్చిన రోజున సున్నపుబట్టీ యజమాని ఎండుకట్టెలే వేయించాడు. పొగ పలచగా లేచింది. గవర్రాజు మెచ్చుకుని, బట్టీ నడుపుకోవచ్చని అనుమతి పత్రం మీద రాజముద్ర వేసేశాడు.

బట్టీ పక్కింటి చాకలి నూకాలు, దగ్గుతున్న మనవరాలిని ఎత్తుకుని ఎదురొచ్చింది. "అయ్యా, తలపాగా మాసింది. ఉతికి మా పెరట్లో ఆరేస్తాను. రేపు ఇటే వెళతారుగా, తీసుకోండి."

మర్నాడు ఆమె ఇచ్చిన తలపాగా మసిగుడ్డలా ఉంది.

"ఇదేనా నీ ఉతుకు?" అని గద్దించాడు గవర్రాజు.

"ఉతికాను బాబూ. తమరు గుర్రమెక్కగానే బట్టీలో పచ్చికంప వేశారు. తమరు వెళ్ళిపోయారు, తలపాగా ఇక్కడే ఉండిపోయింది."

గవర్రాజుకు తల కొట్టేసినట్టయింది. నూకాలు చంకలో దగ్గుతున్న ఆ పసిదాని మొహం చూడలేకపోయాడు. బట్టీ ఆర్పించి, ఆ మసి తలపాగాతోనే తప్పు ఒప్పుకోవడానికి రాజసభకు బయలుదేరాడు.