హైమ సంబంధానికి నవ్వు పరీక్ష

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఊరంతటికీ రావాల్సిన తెలివి మా నలుగురి దగ్గరే ఆగిపోయిందని, పక్కింటివాళ్ళని చూస్తే జాలేస్తుందని మా నాన్న వీరభద్రం అంటుంటాడు. మేమూ జాలిపడుతుంటాం.

అలాంటి ఇంట్లో మా చెల్లెలు హైమకి సంబంధం వచ్చింది. కుర్రాడి పేరు ప్రద్యుమ్న, కాకినాడలో ఉద్యోగం. హైమకి తెగ నచ్చేశాడు. అతని ఫోటో దిండు కింద పెట్టుకుని పడుకునేది. కానీ ప్రద్యుమ్న ఫోన్లో ఓ మాటన్నాడు.

"మీ రాజమండ్రిలో కామెడీ పండగ జరుగుతోందటండి. స్టాండప్ కమెడియన్లు బోలెడుమంది వస్తున్నారు. ఎవర్ని చూడాలో మీరే ఎంచండి. నేనూ హైమా కలిసి నవ్వామా, సంబంధం ఖాయం!"

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కరపత్రం ముందేసుకుని కూర్చున్నాం. కమెడియన్ల ఫోటోలన్నీ పళ్ళికిలిస్తూ ఉన్నాయి.

"వీళ్ళెవరూ పనికిరారు," అన్నాడు నాన్న. "నవ్వంతా వీళ్ళే నవ్వేస్తే మనకేం మిగులుతుంది?"

అమ్మ ఒక ఫోటో మీద వేలు పెట్టింది. "ఈయన్ని చూడండి. అందరికన్నా పైన, అందరికన్నా పెద్ద ఫోటో, మెళ్ళో దండ. మొహంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు. మొత్తం మన కోసమే దాచిపెట్టాడు, మహానుభావుడు!"

అంతే, ఆయన్నే ఎంచేశాం. ఆయన పండగ ప్రారంభించడానికి వచ్చే ముఖ్య అతిథి అని తర్వాత తెలిసింది. తర్వాత అంటే, చాలా తర్వాత.

మరి కలిసి నవ్వడం ఎలా? ఉపాయం నేను చెప్పాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, అది అచ్చంగా నా బుర్రలో పుట్టిందే.

"నేను ఇద్దరి మధ్యా కూర్చుంటాను. ప్రద్యుమ్న నోరే చూస్తుంటాను. నోరు తెరవగానే హైమని గిల్లుతాను. అది నవ్వుతుంది. అది నవ్వగానే మీరూ అందుకోండి."

"మధ్యలో నాకే నవ్వొస్తేనో, అన్నయ్యా?" అంది హైమ.

"సొంతంగా నవ్వావంటే కొంప మునుగుతుంది!" అన్నాం ముగ్గురం.

పాపం, ప్రద్యుమ్న హైమ పక్కన కూర్చుందామనే వచ్చాడు. మధ్యలో నేను చతికిలబడ్డాను. దండాయన మైకు పట్టుకుని మురుగుకాలవల గురించి మొదలెట్టాడు. ఏ వీధిలో ఏ కాలవ పూడిపోయిందో ఓపిగ్గా చెబుతున్నాడు.

"ఎంత నిగ్రహం! ఇంకా ఒక్క జోకూ బయటికి రానివ్వలేదు," అని నాన్న మురిసిపోయాడు.

చివరికి ఆయన గొంతు తగ్గించి, మొన్న పోయిన పాత వార్డు మెంబరు కోసం మౌనం పాటించమన్నాడు. హాలంతా లేచి తల దించుకుంది. సరిగ్గా అప్పుడు ప్రద్యుమ్న ఇంత నోరు తెరిచి ఆవలించాడు.

అంతే, గిల్లాను. హైమ పకపకా నవ్వింది. అమ్మ అందుకుంది. నాన్న చప్పట్లు కొట్టి మరీ నవ్వాడు. నేనూ శక్తికొద్దీ నవ్వాను. దండాయన కళ్ళు తెరిచి మా వైపు చూశాడు. ఇంకేముంది, వాలంటీర్లు వచ్చి ఐదుగురినీ రోడ్డు మీదికి సాగనంపారు. అసలు కమెడియన్లు అప్పటికింకా స్టేజీ ఎక్కనేలేదు.

ప్రద్యుమ్న బిత్తరపోయి నిలబడ్డాడు. హైమ ఏడుపు మొదలెట్టింది.

"అసలెందుకు నవ్వారండీ?" అన్నాడు ప్రద్యుమ్న.

"మీరు నోరు తెరిచారు కదండీ! మా అన్నయ్య గిల్లాడు," అని హైమ వెక్కుతూనే మొత్తం చెప్పేసింది, దండాయన్ని ఎలా ఎంచామో అక్కణ్ణించీ.

ప్రద్యుమ్న కాసేపు నవ్వు బిగబట్టాడు. తర్వాత ఫుట్‌పాత్ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. అతన్ని చూసి హైమ కూడా కన్నీళ్ళతోనే నవ్వేసింది. నేను గిల్లలేదు, ఒట్టు!

"సంబంధం ఖాయమండీ," అన్నాడు రొప్పుతూ. "అమ్మో, ఇక నన్ను నవ్వించకండి మావయ్యగారూ, చచ్చిపోతాను!"

నాన్న మొహం పాలిపోయింది. ఆ రోజు నుంచి పెళ్ళిదాకా అల్లుడి చెవిన ఒక్క సరదా మాట పడనివ్వలేదు. పెళ్ళిలో చుట్టాలందరికీ అల్లుణ్ణి నవ్వించొద్దని గుమ్మం దగ్గరే గట్టిగా చెప్పి లోపలికి పంపాడు. తాళి కట్టడం సుఖంగా అయిపోయింది. అప్పుడు ఫోటోలవాడు కెమెరా ఎత్తి, "పెళ్ళికొడుకుగారూ, కొంచెం నవ్వండి," అన్నాడు.

అంతే! "తాళి కట్టి గంట కాలేదు, అప్పుడే మా అల్లుణ్ణి చంపేద్దామనా?" అని నాన్న వాడి మెడ పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను, ఇద్దరం కలిసి కెమెరాతో సహా వీధిలో పారేసి వచ్చాం. మా హైమ పెళ్ళికి ఒక్క ఫోటో కూడా లేదు. అల్లుడు మాత్రం నిక్షేపంలా ఉన్నాడు.