వాచస్పతి వారి ఏడు గంటలు

సాగరగిరిని ఏలే వీరభూపతికి ఒక వేసవిలో చేపల పిచ్చి పట్టింది. మూడు రోజులు ఒడ్డున కూర్చుని గాలం వేశాడు. ఒక్క చేపా పడలేదు. రాజుకు చేప పడకపోతే తప్పు రాజుది కాదు కదా, ఎవరిదో ఒకరిది కావాలి.

ఆ ఎవరినో చూపించడానికి ఆస్థాన పండితుడు వాచస్పతి సిద్ధంగా ఉన్నాడు. జన్మలో తడి ఇసుక తొక్కని మనిషి. ఒడ్డున నలభై గుడిసెల జాలరులు చేపల్ని బెదరగొడుతున్నారన్నాడు. వాళ్లకు పడేది గుడ్డి అదృష్టమనీ, చేప ఎర ముట్టిన క్షణం పసిగట్టడం ఒక శాస్త్రమనీ చెప్పాడు. వాడ ఖాళీ చేయించి ఒడ్డు తనకిస్తే, తాను కనిపెట్టిన వెండి గంటలతో కోట వంటశాలకు రోజూ చేపలు పంపుతానన్నాడు. రాజు సరేనన్నాడు. నలభై కుటుంబాల బతుకు అంత తేలిగ్గా తేలిపోయింది.

రాజుకు గొడుగు పట్టే ఎరుకయ్య పుట్టింది ఆ వాడలోనే. తల్లి ఇంకా అక్కడే చేపలు ఎండబెట్టుకుంటోంది. గొడుగు కదలనివ్వకుండానే అతను అన్నాడు:

"ఒక్క పూట పందెం పెట్టండి, మారాజా. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా పండితులవారు నాకన్నా ముందు చేప తీస్తే, మా గుడిసెలు మేమే పీక్కుంటాం."

మర్నాడు పొద్దున్నే వాచస్పతి ఏడు వెదురు కర్రలు ఇసుకలో పాతించి, ప్రతి కర్ర కొనకూ ఒక వెండి గంట కట్టించాడు. ఎరుకయ్య దగ్గర ఒకే తాడు. దాన్ని చూపుడువేలి మీదుగా పోనిచ్చి గొంతుకూర్చున్నాడు.

అల వచ్చింది. ఏడు గంటలూ మోగాయి. పండితుడు పంచె ఎగగట్టి పరుగెత్తి ఏడు తాళ్లూ లాగాడు. ఏడు ఉత్త గాలాలు వచ్చాయి, ఎర కూడా ఊడిపోయింది. సభవారు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారని అడక్కండి. పెద్దల పక్కన నిలబడి బతికేవాళ్లకు చేతులు వాటంతటవే కలుస్తాయి. మళ్లీ ఎర, మళ్లీ అల, మళ్లీ పరుగు.

ఎరుకయ్య కదల్లేదు. తాడు లాగుతున్నా ఊరుకుంటావేమని రాజు అడిగితే, అది అల అన్నాడు. కాసేపటికి వేలి మీద చిన్న గిల్లుడు. అది పీత అన్నాడు. నిద్రపోయేవాడికి సాకులు బాగా దొరుకుతాయని పండితుడు నవ్వాడు, సభ నవ్వింది. అవతల వాడలో ఆడవాళ్లు అప్పటికే కుండలు సర్దుకుంటున్నారు.

పొద్దు నడినెత్తికి వస్తోంది. అప్పుడు ఏడో కర్ర గంట ఆగిపోయింది. అలలు వస్తూనే ఉన్నాయి, మిగతా ఆరూ మోగుతూనే ఉన్నాయి. ఆ ఒక్క తాడు మాత్రం వదులై ఇసుక మీద పడి ఉంది.

ఎరుకయ్య లేచాడు.

"పండితులవారూ, ఏడో గంట మోగడం లేదు. చూసుకోరా?"

"మోగనిదాని దగ్గర ఏముంటుందోయ్? పనికిరాని కర్ర. నువ్వే ఉంచుకో, గుడిసె పోయినా అదైనా నీకు మిగుల్తుంది."

"మారాజు విన్నారు."

అంటూనే ఎరుకయ్య ఆ తాడు అందుకున్నాడు. వదులును చేతికి చుట్టుకుంటూ వెనక్కి వెనక్కి ఇసుకదిబ్బ దాకా పరుగెత్తాడు. తాడు బిగిసిన క్షణాన ఒక్క గుంజు గుంజాడు. నురగలోంచి రెండు మూరల పండుగప్ప ఒడ్డున పడి తోక కొట్టుకుంది.

అది తన కర్రకు పడిన చేపేనని పండితుడు మొదలుపెట్టాడు. ఇందాకే ఇచ్చేశావుగా అని రాజు అతని నోరు మూయించి, ఎలా తెలిసిందని ఎరుకయ్యను అడిగాడు.

"అల లాగితే తాడు బిగుస్తాది, గంట మోగుతాది. పెద్ద చేప ఎర మింగి ఒడ్డుకేసి వస్తే తాడు సడలిపోతాది, గంట మూగబోతాది. మోగేదల్లా తమరు విన్నారు, మారాజా. మా నలభై గుడిసెలూ మోగలేదని, అక్కడ మనుషులే లేరనుకున్నారు."

రాజు ఇంకా మోగుతున్న ఆరు గంటలకేసి చూశాడు. తన సభవారికేసి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడని రూఢి చేసుకున్నాక సభవారూ నవ్వారు. రాజు తన చూపుడువేలి కెంపుటుంగరం తీసి ఎరుకయ్యకు ఇవ్వబోయాడు.

"వద్దు, మారాజా. ఉంగరం తొడిగితే ఈ వేలికి చేప తెలీదు. మా ఒడ్డు మాకుంచండి."

ఒడ్డు ఎప్పటికీ వాడదేనని అక్కడికక్కడే శాసనం రాయమన్నాడు రాజు. రాయడం వచ్చినవాడు అక్కడ వాచస్పతి ఒక్కడే.