నాంచారి గౌనుకు నగలు

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ, ఒక వాగు ఉండేది. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల నీళ్ళు దొరికే చోటు అదొక్కటే. దాహం అందరికీ వేస్తుంది కదా పిల్లలూ, చిరుతపులికి కూడా. అయితే అది నీళ్ళతో సరిపెట్టుకోదు. నీళ్ళకు వచ్చినవాళ్ళను కూడా తింటుంది.

అందుకని అక్కడివాళ్ళు ఒక ఆచారం పెట్టుకున్నారు. పొద్దు వాలేవేళ వాగుకు కావలి ఉన్నవాళ్ళు గట్టు మీది నల్లబండ ఎక్కాలి. నాలుగు దిక్కులకూ తిరిగి గాలి వాసన చూడాలి. చెవులు రిక్కించి వినాలి. ఏ భయమూ లేదని తేలితే గొంతెత్తి "దిగండి" అనాలి. ఆ మాట వినబడ్డాకే తల్లులు పిల్లలతో వాగులోకి దిగాలి.

ఆ కావలి ఎప్పటినుంచో నక్కల చేతిలో ఉంది. ఇప్పటి కావలి పేరు జంబయ్య. పోయిన వేసవిలో జంబయ్య బండ మీద కునుకు తీశాడు. లేచి, కళ్ళు నలుపుకుంటూనే "దిగండి" అన్నాడు. ఆ సాయంత్రం చంద్రి అనే లేడి తన కూనను పోగొట్టుకుంది.

చంద్రి ఏడ్చి ఊరుకోలేదు. ఈ ఏడు కొత్త కూనను వెంటబెట్టుకుని అడవివాళ్ళ సభకు వచ్చింది. "కావలి మార్చండి. ముంగిస నాంచారికి ఇవ్వండి. అంత ముక్కు, అంత చెవి ఈ అడవిలో ఇంకెవరికీ లేవు," అంది.

"ఆడ కావలా?" అని సభ గొణిగింది. చివరికి ఒక్క సాయంత్రం పరీక్ష పెడదామన్నారు. నెగ్గితే కావలి నాంచారిది. తప్పితే మళ్ళీ జంబయ్యదే.

ఈ సంగతి గిజిగాడు వీరన్నకు తెలిసింది. గిజిగాడంటే తెలుసుగా, గూడు అల్లే పిట్ట. అతని గూళ్ళ మీదికి వచ్చిన పామును ఒకసారి నాంచారి తరిమింది. ఆ అభిమానంతో పది రోజులు కూర్చుని, ఈతాకు చీలికలతో ఆమెకొక గౌను అల్లాడు. దాని నిండా అభ్రకం పెచ్చులు గుచ్చాడు. సాయంత్రపు ఎండ తగిలితే గౌనంతా తళతళలాడింది.

"మామా, ఇంత మెరుపు నాకెందుకు?" అంది నాంచారి.

"బండ మీద కావలి ఉన్నదో లేదో రెండు గట్లకూ కనబడాలి కదమ్మా. జంబయ్య నిద్రపోవడం ఎవరికైనా కనబడి ఉంటే ఆ ఘోరం జరిగేదా? తొడుక్కుని పరిగెత్తి చూడు. ఎక్కడైనా పట్టేస్తే వదులు చేస్తాను."

నాంచారి పరిగెత్తింది. గెంతింది. వెనక కాళ్ళ మీద నిలబడింది. ఎక్కడా పట్టలేదు. వాగు నీళ్ళలో తన నీడ చూసుకుంది. బాగున్నాననుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. గౌను సరే, దాని మీదికి నగలేవి అనే ప్రశ్న పుట్టింది. నాంచారికి కాదు, చూడవచ్చినవాళ్ళకు.

ముందు ఏదుపంది అత్త వచ్చింది. తన ఒళ్ళంతా ముళ్ళే అయినా ఎదుటివాళ్ళ సింగారం మీద ఆమెకు మహా పట్టింపు.

"గౌను బాగానే ఉందే అమ్మాయీ. దగ్గరికొస్తేనే ముంగిస వాసన," అంటూ ఒక మొగలిరేకు తెచ్చి, ముక్కు మీదికి వాలేటట్టు చెవి పక్కన గుచ్చింది.

"నేను ముంగిసనే కదత్తా."

"కాదన్నానా? ఆ సంగతి అందరికీ తెలియాలా అంటున్నా."

తరవాత కుందేలు వదిన వచ్చింది. ఎండిన జనుము కాయలను దండలుగా గుచ్చి తెచ్చింది. కదిపితే చాలు, గలగలమన్నాయి.

"నాలుగు కాళ్ళకూ కట్టుకో. ఆడది వస్తుంటే ముందు అలికిడి రావాలి," అంది.

"నువ్వు చప్పుడు కాకుండా తిరుగుతావుగా వదినా?"

"నా సంగతి వేరు. నన్ను తినేవాళ్ళున్నారు."

నాంచారికి నవ్వొచ్చింది. అయినా కట్టించుకుంది.

ఆఖరున జంబయ్యే వచ్చాడు. ఏడు పేటల గురివింద హారం తెచ్చాడు. "నువ్వు నాకు కూతురిలాంటిదానివి తల్లీ. బోసి మెడతో బండెక్కితే నలుగురూ ఏమనుకుంటారు?" అని తనే వెనక నుంచి ముడి వేశాడు.

"బిగుతుగా ఉంది బాబాయ్."

"అలవాటవుతుంది. మీ పిన్నికీ అలాగే అలవాటైంది."

మరి నాంచారి అవన్నీ ఎందుకు పెట్టించుకుంది అని మీరు అడుగుతారు. భయం వేసి. ఆడది మొదటిసారి ఎక్కుతున్న బండ అది. చిన్న వంక దొరికితే చాలు, దించేస్తారు. కనీసం చూడడానికైనా అందరికీ నచ్చితే నయమనుకుంది. ఆ పొరపాటు చాలామంది చేస్తారు. నేనూ చేశాను.

పొద్దు వాలింది. నాంచారి బండెక్కింది. గట్ల మీద అందరూ గుమిగూడారు. "బొమ్మలా ఉంది," అన్నారు. "జంబయ్య ఎంత చక్కగా తయారుచేశాడు," అన్నారు.

నాంచారి తూర్పుకు తిరిగి గాలి పీల్చింది. మొగలి వాసన. పడమటికి తిరిగి పీల్చింది. మళ్ళీ మొగలే. చెవులు రిక్కించింది. భయంతో కాళ్ళు సన్నగా వణుకుతున్నాయేమో, గలగల తప్ప మరేమీ వినబడలేదు.

కింద చంద్రి మెడ సాచి అడిగింది. "నాంచారీ, దిగమంటావా? బిడ్డకు నోరెండిపోతోంది."

"ఇంకెంతసేపమ్మా," అన్నాడు జంబయ్య. "నేనైతే ఈపాటికి చెప్పేసేవాణ్ణి."

ఒక్క మాట. "దిగండి" అంటే చాలు, పరీక్ష అయిపోతుంది. చిరుత రోజూ వస్తుందా ఏమిటి? ఇవాళ రాకపోవచ్చు. అప్పుడు అందరూ మెచ్చుకుంటారు. కావలి తనదవుతుంది. నాంచారి నోరు తెరిచింది. కింద కూన ముందుకాలు ఎత్తి నిలబడి ఉంది.

నాంచారి నోరు మూసుకుంది. తరవాత, ఏడు పేటల కింద నలుగుతున్న గొంతుతో నిజం చెప్పింది.

"ఆగండి. నాకేమీ తెలియడం లేదు."

గట్టు మీద నవ్వులు లేచాయి. నాంచారి మొగలిరేకు పీకి పడేసింది. జనుము కాయల దండలు పళ్ళతో కొరికి తెంపింది.

"నిండు సభలో నగలు తీసేస్తోంది. సిగ్గులేదూ," అంది ఏదుపంది అత్త.

"ఉన్నదత్తా. తరవాత పడతాను," అంది నాంచారి.

హారం ముడి రాలేదు. గోళ్ళు దూర్చి లాగింది. దారం పుటుక్కున తెగింది. గింజలు బండ మీద నుంచి దొర్లిపోయాయి. నాంచారి ఊపిరి నిండుగా పీల్చింది. పడమటి గాలిలో పచ్చి నెత్తుటి వాసన. తుంగపొదలో ఎండుటాకు మీద మెత్తగా ఒక అడుగు.

"వెనక్కి," అని అరిచింది. ఆ కేక రెండు కొండలకూ తగిలింది. "పడమటి తుంగలో చిరుత. చంద్రీ, బిడ్డను తీసుకుని వెనక్కి."

ఒక్క ఊపున గట్లు ఖాళీ అయ్యాయి. చిరుత తుంగలోంచి బయటికి వచ్చింది. బండ మీద మెరుస్తున్న నాంచారి వంక చూసింది. నాంచారి కూడా దాని కళ్ళలోకి చూసింది. కనబడిపోయాక చిరుతకు వేట లేదు. విసుగ్గా తోక ఆడించి, కొండ ఎక్కి వెళ్ళిపోయింది.

నాంచారి తొందరపడలేదు. నాలుగు దిక్కులూ మళ్ళీ చూసింది. వాసన పట్టింది. వింది. అప్పుడు అంది.

"దిగండి."

అందరికంటే ముందు చంద్రి దిగింది. కూనను నీళ్ళ అంచుకు తెచ్చింది. నాలుక చాచి కూన వీపు నాకింది. మళ్ళీ నాకింది. కుందేలు వదిన బండ దాకా వచ్చి, "ఆ కాయలు నేనే తెచ్చాను కదూ," అంది. "తీసేశానుగా వదినా. వెళ్ళి నీళ్ళు తాగు," అంది నాంచారి. జంబయ్యను ఎవరూ ఏమీ అనలేదు. కావలి మాత్రం ఆ పూట నుంచి నాంచారిదే అయింది.

వాగంతా నిశ్శబ్దమైంది. కూన నీళ్ళు తాగుతోంది. గుటక, మళ్ళీ గుటక. బండ మీద నిలబడి నాంచారి ఒక్క గుటక కూడా పోనివ్వకుండా విన్నది.

నీతి: నచ్చిన గౌను తొడుక్కోండి, ఎంత మెరిసేదైనా సరే, మీ ఊపిరికీ నడకకూ మాటకూ అడ్డొచ్చే నగను మాత్రం, ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా, తీసి పక్కన పెట్టండి.