తీగకు అవతలి చివర

పోతయ్య మాస్టారిని ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, కండువా అంచుతో తుడుచుకుంటూ, "ఇంతవరకూ ఏం చేశావు?" అనేవారు. ముప్ఫై ఏళ్ళు ఐటీఐలో మీటర్లూ మోటార్లూ బాగుచేయడం నేర్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న హైమవతి ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మెట్ల మీదే కూలబడింది.

"తప్పు ఎటువైపుందో తేలనప్పుడు ఎక్కణ్ణుంచి వెతకాలి మాస్టారూ?"

"ఇంతవరకూ ఏం చేశావు?" అన్నారాయన.

ఆమె చెప్పింది. జగ్గరాజుగారి రెండు రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద ఒక చిన్న బోర్డు పెట్టారు. రెండింటి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో అది నిమిషానికోసారి కొలిచి, తీగ మీదుగా షెడ్డులోని కంప్యూటరుకు పంపాలి. అంకె తగ్గితే కంప్యూటరు గంట మోగిస్తుంది, కాపలా మనిషి లేచి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తాడు. బోర్డూ దాని ప్రోగ్రామూ ఆమెతో కలిసి పనిచేసే ఇమ్మానుయేలు పని. తీగా కంప్యూటరూ హైమవతి పని. బోర్డు పెట్టి ఇరవై రోజులైంది, స్క్రీన్ మీద ఒక్క అంకె సరిగ్గా రాలేదు. ఒకసారి ఖాళీ, ఒకసారి పిచ్చి గుర్తులు. రెండువైపులా అంకెలు పంపే వేగం ఒకటే పెట్టామా అని నాలుగుసార్లు చూసింది. పంపే తీగా వినే తీగా తారుమారయ్యాయేమోనని మార్చింది, మళ్ళీ యథాప్రకారం పెట్టింది. బోర్డునే రెండుసార్లు మార్పించింది. నిద్రలో కూడా ఆ గుర్తులే కనిపిస్తున్నాయంది.

మిగతాది చెప్పడానికి ఆమెకు కొంచెం టైము పట్టింది. పోయిన వారం ఒక రాత్రి గంట మోగలేదు, తెల్లారేసరికి మొదటి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. జగ్గరాజుగారు కేకలేయలేదు. గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "లోపం ఎవరిదమ్మా?" అని మాత్రం అడిగారు.

"బోర్డుదేనండీ" అంది హైమవతి.

ఇమ్మానుయేలు పక్కనే ఉన్నాడు. "నా బోర్డు పంపుతూనే ఉందక్కా. మీవైపు కూడా ఒకసారి చూడండి" అన్నాడు. ఆమె అతనివైపు తిరగలేదు. మర్నాటి నుంచి అతను పనిలోకి రాలేదు.

మాస్టారు లేచారు. లోపలికెళ్ళి జానెడు తీగ ముక్క జేబులో వేసుకుని వచ్చి, ఆమె స్కూటీ వెనక కూర్చున్నారు.

షెడ్డులో ఆయన మొదట చేసిన పని కంప్యూటరు నుంచి తీగను పీకేయడం. అది తగిలించే చోట పంపే పిన్నునూ వినే పిన్నునూ తన తీగ ముక్కతో కలిపేశారు. ఇప్పుడా కంప్యూటరు ఏం పంపినా తిరిగి దానికే రావాలి. "ఏదైనా కొట్టు" అన్నారు. ఏం కొట్టాలో తోచక హైమవతి తన పేరు కొట్టింది. అక్షరం వెంట అక్షరం తిరిగొచ్చింది. ఇరవై రోజుల్లో ఆ స్క్రీన్ మీద చదవడానికి వీలైన మాట అదొక్కటే.

మాస్టారు తీగను మళ్ళీ తగిలించి, గట్టు మీదికి నడిచారు. అక్కడ బోర్డును విప్పి పక్కన పెట్టి, పంపే తీగ, వినే తీగల చివరలు కలిపి పట్టుకున్నారు. "కొట్టమ్మా" అని అక్కణ్ణుంచే పిలిచారు. ఆమె కొట్టింది. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టింది. రాలేదు. బోర్డు ఆ తీగకు తగిలించి కూడా లేదు. హైమవతి చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

ఆయన తీగను చేత్తో తడుముకుంటూ, మోకాళ్ళు సహకరించక ఆగి ఆగి, షెడ్డు వైపు వచ్చారు. నీళ్ళ పైపు మలుపు దగ్గర నల్ల టేపు చుట్టిన అతుకొకటి తగిలితే ఆగారు. హైమవతి వెళ్ళి టేపు విప్పింది. ఉప్పుగాలికి లోపలి రాగి పాచి రంగుకొచ్చింది. ఒక పోగు పట్టుకుంటే పొడిలా రాలింది. ఆ అతుకు ఎవరు వేశారని ఆయన అడగలేదు. రెండు నెలల కిందట తీగ లాగిన రోజు వాన వచ్చేలా ఉంది. ఊరికే మెలిపెట్టి టేపు చుట్టింది తనే. తర్వాత టంకం పెడదామనుకుంది. ఆ తర్వాత మరిచిపోయింది.

కుళ్ళిన మేర కత్తిరించి, అక్కడే నేల మీద కూర్చుని టంకం పెట్టింది. పొగ కళ్ళలోకి పోయినా ముఖం తిప్పుకోలేదు. మాస్టారు మళ్ళీ చివరలు కలిపి పట్టుకుంటే ఈసారి ఆమె పేరు తిరిగొచ్చింది. అప్పుడు బోర్డు తగిలించింది. నిమిషం గడవకముందే స్క్రీన్ మీద అంకె పడింది. మరో నిమిషానికి ఇంకొకటి. రెండో చెరువులో ఆక్సిజన్ సరిపడా ఉంది. బోర్డు ఇన్నాళ్ళూ చెప్పాల్సింది చెబుతూనే ఉంది.

సంతోషించే ఓపిక ఆమెకు లేదు. తీగ ముక్కలు ఏరి సంచిలో వేసుకుంది. జగ్గరాజుగారికి ఫోన్ చేసి, లోపం తన తీగదేనని, ఇమ్మానుయేలుది కాదని చెప్పింది. ఆయన సరేనమ్మా అని పెట్టేశారు.

మాస్టారు తూము దగ్గర కూర్చుని కాళ్ళకంటిన బురద కడుక్కుంటున్నారు. హైమవతి వచ్చి పక్కన నిలబడింది.

"ఇమ్మానుయేలు వాళ్ళింటికి వెళ్తాను మాస్టారూ. వెళ్ళి ఏం చెప్పను?"

ఆయన రెండో కాలు కూడా కడుక్కున్నారు.

"ముందు అతను చెప్పేది విని రా" అన్నారు.