గురవమ్మకు చెప్పినట్టు

ఊఁ కొడుతూ వింటేనే చెబుతాను. కొడుతున్నారా? సరే, వినండి. మా తాతల తాతలకు కూడా ఇది పాత కథే. అప్పట్లో ఇక్కడ ఒక రాజు ఉండేవాడు. మంచివాడే.

ఆ రాజు ఊరూరా మందుగాదెలు కట్టించాడు. పంట చేతికొచ్చినప్పుడు ఇంటికో చేటెడు గింజలు ఆ గాదెలో పోయాలి. ఆ గింజలే వైద్యానికి ఖర్చు, కాబట్టి ఎవరికి జబ్బు చేసినా రాజవైద్యుడు ఇంటికొచ్చి ఊరికే మందివ్వాలి. బాగుంది కదా! కానీ ఆ మందు నిజంగా అందుతోందా అని రాజుకు అనుమానం వచ్చింది. వెళ్లి అడిగి రండయ్యా అంటే కొలువులో ఒకడికి నడుంనొప్పి, ఒకడికి ఎండదెబ్బ, ఇంకొకడికి బావమరిది పెళ్లి. చివరికి కోటలో ఈతచాపలు అల్లే గురవమ్మ "నేను పోయొస్తా" అని లేచింది.

"మూడే మాటలు అడుగు," అన్నాడు రాజు. "వైద్యుడు వచ్చాడా? మందిచ్చాడా? డబ్బుకు చెయ్యి చాచాడా?"

గురవమ్మ వాగు దాటింది. మొదటి ఊళ్లో గడపగడపకూ నిలబడి అడిగింది. "వచ్చాడు, ఇచ్చాడు, చాచలేదు. అంతా చల్లగానే ఉంది తల్లీ," అన్నారు. రెండో ఊళ్లో అడిగింది. "అంతా చల్లగానే ఉంది తల్లీ," అన్నారు. మూడో ఊళ్లో ఆఖరి ఇల్లు నూకాలుది. నూకాలు కూడా ఆ మాటే చెప్పి లోపలికి వెళ్లిపోయింది. గురవమ్మకు సంతోషం వేసింది.

వెళ్లబోతుంటే దాహమైంది. మంచినీళ్లు అడుగుదామని నూకాలు పెరట్లోకి తిరిగింది. అక్కడ పందిరి కింద చిన్నపిల్ల పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. నూకాలు తడిగుడ్డతో తుడుస్తోంది.

"ఇదేమిటే! ఇప్పుడేగా అంతా చల్లగా ఉందన్నావు?"

"గడపలో నిలబడి అడిగితే ఏం చెప్పనక్కా? గడపలో కీడు మాట అంటే ఇంటికి తగలదూ?" నూకాలు భోరుమంది. "వైద్యుడు వాగు దాటి ఎప్పుడొచ్చాడు గనక! పాదం తడవకూడదట ఆయనకి. పిల్ల కళ్లు తెరవడం లేదక్కా."

గురవమ్మకు తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది. గడపలో ఎవరూ కీడు మాట అనరని ఆమెకు తెలియదా? ఇక మంచినీళ్ల మాటే మరిచిపోయి పరుగందుకుంది.

రాజు వేటకని కోట గడప దగ్గరే గుర్రం ఎక్కుతున్నాడు. "ఏం గురవమ్మా, మందు అందుతోందా?" అన్నాడు.

ఏం చెబుతాం! పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. "అంతా చల్లగానే ఉంది మారాజా," అనేసింది.

రాజు నవ్వి గుర్రాన్ని అదిలించాడు. గురవమ్మ నాలుక్కరుచుకుంది. ఒక్క ఉదుటున పోయి కళ్లెం పట్టుకుంది. భటులు కత్తులు దూశారు. ఆమె వదల్లేదు.

"అది గడపలో మాట మారాజా! లోపలికి రండి, అసలు మాట చెబుతాను. ఆలస్యమైతే పిల్ల దక్కదు!"

రాజు గుర్రం దిగాడు. లోపలికెళ్లాక గురవమ్మ నేల మీద చతికిలబడి ఉన్నదంతా చెప్పింది. రాజు వెంటనే తన గుర్రం మీదే వైద్యుణ్ణి ఎక్కించి వాగు దాటించాడు. పొద్దు వాలేసరికి పిల్ల కళ్లు తెరిచి గంజి అడిగింది.

గురవమ్మ ఆ మూడు ఊళ్లకూ మళ్లీ వెళ్లింది. ఈసారి ఇంట్లోకి వెళ్లి, కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడడిగింది. ఎన్ని ఏడుపులు విందో! ఆ తర్వాత వైద్యుడి కాపురం వాగు అవతలికి మారింది. గురవమ్మ ఓపికున్నన్నాళ్లూ ఏటేటా వెళ్లి అడిగింది. ఆమె పోయిన రోజు మూడు ఊళ్లలోనూ పొయ్యి వెలగలేదు.

ఇప్పటికీ అక్కడ జబ్బుల సంగతి, మందుల సంగతి అడగడానికి ఎవరొచ్చినా గడపలో నిలబెట్టరు. లోపలికి పిలిచి, చాప వేసి, మంచినీళ్లిచ్చాకే కష్టం చెప్పుకుంటారు. ఎవరైనా నొప్పి దాచుకుని బాగానే ఉన్నానంటే, పెద్దవాళ్లు దగ్గరకు తీసుకుని నుదురు తడిమి చూస్తారు.

"అది గడపలో మాట. గురవమ్మకు చెప్పినట్టు చెప్పు," అంటారు.